వాన పెరిగితే దోమలు పెరగాలి కదా, మ్యాపులో లెక్క ఎందుకు తప్పుతోంది?

వానలెక్క:
ఒక పెద్ద ప్రాంతానికి దోమల ఉధృతి మ్యాపు వేస్తున్నాం. నెలవారీ సగటు ఉష్ణోగ్రత, నెల మొత్తం వర్షపాతం తీసుకుని మామూలు లీనియర్ రిగ్రెషన్ (సరళరేఖతో సంబంధాన్ని అంచనా వేసే పద్ధతి) చేశాం. కొన్నిచోట్ల వానతో పాటే ఈడిస్ (డెంగీని వ్యాపింపజేసే దోమ) పెరుగుతోంది, కొన్నిచోట్ల వాన లేని నెలల్లోనే ఎక్కువ. మరీ వేడి ప్రాంతాల్లో మ్యాపు చూపినన్ని దోమలు అసలు లేవు. లోపం డేటాలోనా, పద్ధతిలోనా?

నీటిగుంట:
పద్ధతిలోనే అండీ. ముందు జాతులను విడదీయండి. మలేరియాను వ్యాపింపజేసే ఎనాఫిలిస్ గాంబియే ఎండ తగిలే చిన్న వాన గుంటల్లో గుడ్లు పెడుతుంది, కాబట్టి దానికి వానతో నేరుగా ముడి. ఈడిస్ ఈజిప్టై అలా కాదు. డ్రమ్ము, తొట్టి లోపలి గోడకు నీటి అంచు పైన గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. కరువు వస్తే జనం నీళ్లు పట్టి దాచుకుంటారు, ఈడిస్‌కు అదే చాలు. మీ వాన లేని నెలల చిక్కు బహుశా ఇదే. కుళాయి నీళ్లు రోజూ వస్తాయా రావా అన్నది వేరే కాలమ్‌గా పెట్టి చూడండి. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమకైతే కుండపోత వాన నష్టమే, కాలువల్లోని లార్వాలు (దోమ పిల్లపురుగులు) కొట్టుకుపోతాయి.

ఇంకొకటి, వానను అదే నెల దోమలతో పోల్చకండి. వెచ్చగా ఉన్నప్పుడు కూడా గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి వారం పది రోజులు పడుతుంది. వారాల డేటా తీసుకుని, వానను 2 నుంచి 8 వారాలు వెనక్కి జరిపి చూడండి.

డిగ్రీరోజులు:
వేడికి సరళరేఖ గీయడమే అసలు తప్పు. అది కొండలా ఎక్కి దిగే వక్రరేఖ. ఈజిప్టై ద్వారా డెంగీ వ్యాప్తికి అనుకూలత దాదాపు 29 డిగ్రీల దగ్గర గరిష్ఠం, 34 దాటితే పడిపోతుంది. మలేరియాకు ఆ శిఖరం 25 దగ్గరే. వేడి పెరిగేకొద్దీ పరాన్నజీవి త్వరగా ఎదుగుతుంది కానీ దోమ ఆయుష్షు తగ్గిపోతుంది.

మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం దోమలో ఎదగడానికి 16 డిగ్రీలకు పైన మొత్తం 111 డిగ్రీ-రోజులు (16కు పైన ఎన్ని డిగ్రీలుంటే రోజుకు అన్ని చొప్పున కూడిన మొత్తం) కావాలన్నది పాత సూత్రం. స్థిరంగా 20 డిగ్రీలుంటే 28 రోజులు, 25 ఉంటే 12, 30 ఉంటే 8. ఇప్పుడు సగటు 20 అయినా పగలు 26, రాత్రి 14 ఉందనుకోండి. రాత్రి సున్నా, పగటి సగంలో రోజుకు 5 డిగ్రీ-రోజులు, అంటే 22 రోజులే. సగటుతో లెక్కకడితే 28 వస్తుంది. చల్లని ఎత్తు ప్రాంతాల్లో ప్రమాదాన్ని తక్కువగా చూపించేది ఈ తేడానే. రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు తప్పనిసరి.

వానలెక్క:
రోజువారీవి దొరుకుతాయి. ఫలితాన్ని కేసుల సంఖ్యతో సరిచూడవచ్చా?

నీటిగుంట:
వద్దండి. కేసులు జనంలో ఉన్న రోగనిరోధకతను బట్టి కూడా మారతాయి, దోమలు అన్నే ఉన్నా మరుసటి ఏడాది కేసులు తగ్గవచ్చు. ట్రాపుల్లో పడ్డ దోమలతోనో గుడ్ల ట్రాపులతోనో పోల్చండి. ట్రాపులు లేని చోట ఉపగ్రహాల పచ్చదనం సూచీ కొంత ఆదుకుంటుంది. తూర్పు ఆఫ్రికాలో 2006 చివర్లో సముద్ర ఉష్ణోగ్రత, వాన, పచ్చదనం కలిపి చూసే రిఫ్ట్ వ్యాలీ జ్వరం (దోమల ద్వారా పశువులకూ మనుషులకూ సోకే వైరస్ జబ్బు) గురించి ముందుగా హెచ్చరించగలిగారు. అక్కడ పల్లపు గడ్డినేలలు నీట మునిగితే అక్కడి వేరే ఈడిస్ జాతుల గుడ్లు ఒక్కసారిగా పొదుగుతాయి. మీ ప్రాంతంలో అలాంటి నేలలు ఉంటే వాటిని విడిగా గుర్తించి పెట్టుకోండి.