బ్రేకు మోత: ఇంట్లో చూసుకోవచ్చా, షెడ్డుకే పోవాలా?

పటమట:
మా మామయ్యగారి చిన్న కారు. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం కీచుమంటోంది. షెడ్డుకు తీసుకెళ్తే చక్రం విప్పకుండానే చక్రంతో తిరిగే డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు రెండూ మార్చాలన్నారు. నేనే విప్పి చూద్దామంటే ఇంట్లో వాళ్లు బ్రేకులతో ఆటలొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట:
ఇంట్లో వాళ్ల మాటే వినండి. ఎయిర్ ఫిల్టర్ దులుపుకోవడం వేరు, బ్రేకు వేరు. పొరపాటు చేస్తే నష్టపోయేది మీరొక్కరే కాదు, ఎదురుగా వచ్చే ఆటోలో జనం కూడా. విజయవాడలో ఆటోనగర్ చేతికి అందేంత దూరంలో ఉంది. ఒక షెడ్డు నచ్చకపోతే పక్క షెడ్డులో అడగండి.

మంగళగిరి:
బ్రాడీపేట గారి భయం న్యాయమైనదే. కానీ చక్రం విప్పకుండా చెప్పిన మాటకు డబ్బు కట్టేస్తే బండి భద్రంగా ఉన్నట్టు కాదు. మోత ఎక్కడిదో కనిపెట్టడం బండి ఉన్నవాళ్ల పని. విప్పి మార్చడం మాత్రం చేతనైతేనే.

ముందు చెవి పెట్టి వినాలి. పొద్దున్నే రెండు మూడుసార్లు బ్రేకు తొక్కేదాకా గరగరలాడి ఆగిపోతే అది రాత్రి తేమకు పట్టిన తుప్పు. డిస్కు పోత ఇనుము కాబట్టి వానాకాలంలో ఇది మామూలే, వదిలేయండి. బండి నడుస్తుంటే సన్నగా కీచుమంటూ, బ్రేకు తొక్కగానే ఆగిపోవడమో మారడమో జరిగితే ప్యాడ్ అయిపోవచ్చిందని అనుకోవాలి. కొత్త ప్యాడ్ సుమారు 10 మి.మీ. మందం ఉంటుంది. 2, 3 మి.మీ.కి దిగాక చాలా ప్యాడ్లకు ఉండే చిన్న రేకు డిస్కుకు తగులుతుంది. ఆ మోత కంపెనీ వాళ్లు కావాలని పెట్టిందే. బరబరా గీసుకుంటుంటే మాత్రం ప్యాడ్ పూర్తిగా అరిగి, వెనకున్న ఇనుప పలక డిస్కును కోస్తోందని అర్థం. అప్పుడు బండి తీయొద్దు. కంకర రోడ్డు మీద తిరిగొచ్చాక ఒక్కసారిగా అరుపు మొదలైతే, డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. మెల్లగా కాస్త రివర్స్ చేస్తే ఒక్కోసారి రాలిపోతుంది.

పటమట గారూ, మీది తొక్కినప్పుడు మాత్రమే, అదీ ఒకే చక్రం. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో ప్యాడ్ అదురుతోందేమో చూడండి. పట్టి ఉంచే క్లిప్పులు పోయినా, ప్యాడ్ వెనకుండే పల్చని రేకు (షిమ్) లేకపోయినా, క్యాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోయినా అదే గోల. ప్యాడ్ ముఖం వేడికి గాజులా మెరిసినా అంతే.

చక్రం విప్పేటప్పుడు చదునైన చోట ఆపి, మొదటి గేరు, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. నట్లు ముందే కాస్త వదులు చేసి తర్వాత జాకీ ఎత్తండి. బండితో వచ్చే జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, బండిని మోసే స్టాండు కింద పెట్టాల్సిందే. అప్పుడు టార్చి వేసి లోపలి ప్యాడ్ చూడండి. బయటి ప్యాడ్ లావుగా కనిపించిందని చాలామంది చక్రం ఎక్కించేస్తారు. పిన్ను బిగుసుకుంటే లోపలిదే ముందు అరిగిపోతుంది, బయటికి ఏమీ తెలియదు.

షెడ్డు వాళ్లు చెప్పిన డిస్కు సంగతి తేల్చడానికి దారి ఉంది. కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. అంతకంటే తగ్గితే మార్చాలి. మందం కొలిచే మామూలు వెర్నియర్ పెడితే అరగని అంచు మందమే చూపిస్తుంది, మైక్రోమీటర్‌తో లోపలి భాగాన్ని కొలవమనండి.

సింగ్ నగర్:
2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా వీధి కార్లు నీళ్లలో నానాయి. తర్వాత వెనక చక్రాలకుండే గిన్నెలాంటి డ్రమ్ము బ్రేకులు పట్టేసి చక్రాలు తిరగలేదు. అలాంటిది ఇంట్లో ఎలా చేస్తారు?

మంగళగిరి:
చేయకూడదు. డ్రమ్ములో స్ప్రింగులు గట్టిగా లాగి ఉంటాయి, ఏది ఎక్కడ ఉండేదో తప్పితే బ్రేకు సరిగా పట్టదు. నేనూ డ్రమ్ములు షెడ్డుకే ఇస్తాను. ఒక్క మాట, డ్రమ్ములో పేరుకున్న దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వకండి. డ్రమ్మును రాసుకుని ఆపే పాత లైనింగుల్లో, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవమనండి.

పటమట:
మోత పోవడానికి డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే కొట్టమని ఒకాయన చెప్పారు.

మంగళగిరి:
వద్దండీ! ప్యాడ్‌కు నూనె తగిలితే పట్టు పోతుంది. మోత పోతుంది కానీ బ్రేకు కూడా పోతుంది. గ్రీజు పిన్నులకే, అది కూడా బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు పూస్తే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి.

బ్రాడీపేట:
ఇన్ని జాగ్రత్తలు చెప్పారు, అసలుది వదిలేశారు. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెడతాం. తర్వాత మొదటిసారి తొక్కితే పెడల్ నేరుగా కిందికి పోతుంది. తెలియనివాడు రివర్స్‌లో రోడ్డు మీదికి వస్తూ తొక్కితే? నేను భయపడేది అందుకే.

మంగళగిరి:
నిజమే, ముందే చెప్పాల్సిన మాట. కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి. పిస్టన్ నెట్టేటప్పుడు డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుందేమో చూడాలి, పెయింటు మీద పడితే ఊడిపోతుంది. క్యాలిపర్‌ను పైపుకు వేలాడదీయకూడదు. మార్చేది ఒక్క ఎడమది కాదు, ముందు రెండు చక్రాల ప్యాడ్లూ మార్చాలి. ఇవి తెలియని చేతులు విప్పకూడదన్న మాట ఒప్పుకుంటాను.

బ్రాడీపేట:
అయితే చూడటం వరకు నేనూ ఒప్పుకుంటాను, మార్చడం ఒప్పుకోను. పటమట గారూ, లోపలి ప్యాడ్ ఫోటో, డిస్కు మీది అంకె ఇక్కడ పెట్టండి. షెడ్డు వాళ్లను ఏమడగాలో అప్పుడు చెబుతాం.