సమస్యాపూరణం: “చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్”

పెదవాల్తేరు (సమస్య ఇచ్చినవారు; ఇక్కడ ఎవరి ఊరి పేరే వారి పేరు)

ఈ వారం కందపాదం ఇది. ముందు మూడు పాదాలు మీరు రాసి, దీన్ని నాలుగో పాదంగా అర్థం కుదిరేలా ముగించాలి:

చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) ‘ల్ల’, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదిరే జత) చ–చ. మూడో పాదం నుంచి లెక్కిస్తే ఆరవ గణం నలంతో (నాలుగు లఘువులతో) నడిచింది. పూరణ ఎవరి ఇష్టం వారిదే గాని, విషయం మాత్రం ఒక్కటే: చలికాలం కోసం మాల్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) కాచే నల్లని బీర్ల రుచి.

ఈ పాదం నాకు తట్టిన సందర్భం చెబుతాను. ఓడలో ఇంజనీరుగా పనిచేసే మా తమ్ముడు డిసెంబరు సెలవుకు వస్తూ ఐరోపా రేవుల్లో కొన్న మూడు సీసాలు తెచ్చాడు. ఒకటి డాపెల్‌బాక్ అనే చిక్కని జర్మన్ మాల్టు బీరు, ఒకటి బాల్టిక్ పోర్టర్ అనే ఘాటైన నల్ల బీరు, మూడోది సామిక్లాస్. ఈ మూడోదాని పేరుకు స్విస్ జర్మన్‌లో క్రిస్మస్ తాత అని అర్థం. ఏడాదికి ఒక్కసారే, సెయింట్ నికొలస్ పండుగ రోజున, అంటే డిసెంబరు 6న కాచి, నెలల తరబడి ముదరనిస్తారు. ఆల్కహాలు 14 శాతం. మొదట జ్యూరిక్‌లో తయారయ్యేది, 2000 నుంచి ఆస్ట్రియాలోని ఎగెన్‌బర్గ్‌లో కాస్తున్నారు.

మన విశాఖలో బీరు అనగానే మే నెల ఎండ, మంచులో ముంచిన సీసా, రెండు గుక్కల్లో సగం ఖాళీ. డిసెంబరులో కూడా ఫ్యాను ఆపని ఇళ్లున్న ఊరు ఇది. ఇటువంటి చోట చలికాలపు బీరు ఏం చెబుతుంది? ఈ ప్రశ్నకు మీ పద్యాల్లో జవాబు వెతుక్కోవాలని ఉంది. తాగడం మీద పద్యమా అని ఎవరికైనా సంకోచం ఉంటే, ప్రబంధాలకు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో మధుపానమూ ఒకటని గుర్తు చేస్తున్నాను.

ఎం.వి.పి. కాలనీ

నా పూరణ:

నల్లని మాల్టుల పాకము
బెల్లపు సౌరభముఁ జిమ్మఁ బెదవులఁ జేర్పన్
మెల్లగ నొడలెల్ల వెలుఁగ
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

భీమిలి మాస్టారు

అమ్మా, ధార బాగుంది. రెండో పాదంలో ‘బె–బె’ యతి చక్కగా కుదిరింది. ఒక్క సవరణ. ‘వెలుఁగ’ అన్నది ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, వెలుఁగన్. దాని మీద ‘చ’ వస్తే సరళం ‘జ’ కావాలి. కాబట్టి “వెలుఁగఁ / జల్లని పానీయ మొకటి” అని రాయాలి. సమస్యాపాదం మొదటి అక్షరం మారిందని బెంగ అక్కర లేదు. సంధివల్ల వచ్చిన మార్పు పూరణలో చెల్లుతుంది, జ–చ యతి కూడా నిలుస్తుంది.

సింహాచలం

‘మాల్టు’ అన్న మాట కందంలో కొంచెం గరగరలాడుతోంది. తెలుగు మాట దొరకదా?

ఎం.వి.పి. కాలనీ

మాస్టారూ, సవరణ శిరోధార్యం. సింహాచలం వారికి: చిన్నప్పుడు మా అమ్మమ్మ చోళ్లు నానబెట్టి, మూటకట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి విసిరేది. దాన్ని ఇంటిల్లిపాదీ రాగి మాల్టు అనే అన్నాం. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టినా పని అదే. గింజ మొలకెత్తేటప్పుడు లోపల పుట్టే ఎంజైములే తర్వాత పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఇంత దగ్గర చుట్టం కనుక ఆ మాటను పద్యంలోకి రానిచ్చాను.

మద్దిలపాలెం

నేను కందం రాయడం ఇది మూడోసారి. తప్పులుంటే దయచేసి దిద్దండి.

నల్లని నురుగున సుగంధ
మెల్లెడ నిండంగ గాజు మెఱసెడు వేళన్
గిల్లిన చలి మఱచితిఁ గద!
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

భీమిలి మాస్టారు

తమ్ముడూ, “గిల్లిన చలి మఱచితిఁ గద” అన్న పాదం మూడోసారి రాసేవాడిది కాదు, ముప్పయ్యోసారి రాసేవాడిది. తప్పు మొదటి పాదంలో ఉంది. నల్లని – భగణం, నురుగున – నలం, సుగంధ – జగణం (లఘువు, గురువు, లఘువు). మూడో గణం బేసి స్థానం. కందంలో బేసి గణం జగణం కారాదు. “అల్లన నురుగుల సౌరభ / మెల్లెడ నిండంగ” అంటే నడక సరిపోతుంది.

పెదవాల్తేరు

మాస్టారి సవరణతో ఇంకో తప్పు కూడా తొలగింది. ఈ బీర్లు ఎంత నల్లనివైనా నురుగు నల్లన కాదు. పోర్టర్ వంచినప్పుడు గమనించాను, నురుగు పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో లేచింది. గ్లాసును దీపానికి ఎదురుగా ఎత్తిపడితే అంచున దానిమ్మ గింజ ఎరుపు కనిపించింది. ‘నల్లని’ అని మనం అంటున్నది నిజానికి అంత చిక్కని ఎరుపు.

గాజువాక

క్రమాలంకారంలో (ముందు ప్రశ్నలు, చివర అదే వరసలో జవాబులు) నా ప్రయత్నం:

చెల్లెలు వేసవి నేమనె?
కొల్లగ మన లంబసింగి కొండల నెగడే
మెల్లగ నేమొనరించెను?
చల్లని పానీయ మొకటి! చలినిం బాపెన్!

సింహాచలం

ఆహా! లంబసింగి కందంలో ఇముడుతుందని నేను అనుకోలేదు. ‘మనలం – బసింగి’ అని సగణం, జగణంగా విరిచి ఆరో గణంలో కూర్చోబెట్టారు.

పెదవాల్తేరు

ఛందస్సుకు నూటికి నూరు మార్కులు. కాని గాజువాక వారూ, రెండు ప్రశ్నలకు రెండు జవాబులు పంచేసరికి విరోధం తేలిగ్గా విడిపోయింది, బీరు ఊసే లేకుండా పోయింది. ఆ విరోధం ఒకే వస్తువులో ఉండాలి, అక్కడే విడిపోవాలి. మరొకటి రాయండి, ఎదురుచూస్తాను.

మహారాణిపేట డాక్టరు

అందరూ ఒళ్లు వెచ్చబడిందని రాస్తున్నారు. వైద్యురాలిగా నేను ఊరుకోలేను.

అల్లన నెత్తురు చర్మము
నెల్లెడఁ జేరంగ వేఁడి యెగసెడు వెలికిన్
గల్ల సుమీ యీ పలుకే:
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. నెత్తురు పైపైకి రావడంతో వెచ్చగా అనిపిస్తుంది. ఆ అనిపించేది లోపల ఉండవలసిన వేడి బయటికి పోవడమే. శరీరం లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుంది. విశాఖ తీరాన దీనివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. లంబసింగి చలిలో తాగి ఆరుబయట పడుకుంటే ఉంది. పద్యం కోసమైనా ఈ మాట అబద్ధంగా నిలబడకూడదని నా పట్టుదల.

భీమిలి మాస్టారు

డాక్టరు గారూ, సమస్య మొత్తాన్ని కల్ల అని కొట్టివేయడం పూర్వులు వాడిన దారే, మీరు దాన్ని శాస్త్రంతో నిలబెట్టారు. ‘నెల్లెడ’లో ఎకారానికి ‘యెగసెడు’తో స్వరయతి నిర్దోషం.

పెదవాల్తేరు

నేను సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్న పూరణ కూడా ఒళ్లు వెచ్చబడటం చుట్టూనే తిరిగింది. డాక్టరు గారి పద్యం చదివాక దాన్ని చించేశాను. మళ్లీ ఆలోచిస్తున్నాను.

ఎం.వి.పి. కాలనీ

ఒళ్లు మాట వదిలేసి, రుచి మాట రాశాను.

నల్లని కాఫియు నరకుది,
బెల్లము, మాడుగుల హల్వ పెనచిన తావుల్
మెల్లగ మది నిండెఁ గదా!
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

సింహాచలం

అరకు, అనకాపల్లి, మాడుగుల! మన కొండలూ ఊళ్లూ మూడు మాటల్లో వచ్చేశాయి. అనకాపల్లి పేరు చెప్పకుండానే బెల్లం అనడంతో వాసన తగిలింది.

పెదవాల్తేరు

ఇంతవరకు వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన పద్యం ఇది. అందుకే దీని మీద కొంచెం ఎక్కువగా మాట్లాడతాను.

ఈ రుచులన్నీ ప్రతి సీసాలోనూ ఉండవు. డాపెల్‌బాక్‌లో కాఫీ వాసన ఉండకూడదు. దాని రంగు మ్యూనిక్ మాల్టు వంటి, ఎక్కువ వేడి మీద ఆరబెట్టిన గింజల నుంచి వస్తుంది. అది మాడుగుల హల్వా దారి. గోధుమ పాలు పొయ్యి మీద చక్కెరతో, నేతితో గంటల తరబడి ఉడుకుతూ ఎలా గోధుమ రంగు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి ముదురు ఎరుపుకు తిరుగుతాయో, ఈ మాల్టూ అలాగే ముదురుతుంది. కాఫీ దారి వేరు. అది మాడేదాకా వేయించిన గింజది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు మాల్టును తిరిగే ఇనుప పీపాలో, కాఫీ గింజలు వేయించినట్టు నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ నల్లని గింజ కొద్దిగా కలిపితే చాలు, పోర్టరుకీ, స్టౌటు అనే మరో నల్ల బీరుకీ రంగు, అరకు కాఫీ లాంటి చేదు వచ్చేస్తాయి. అందుకని ఈ పద్యంలోని సీసా బాల్టిక్ పోర్టరే అయి ఉండాలి. హల్వా, కాఫీ రెండూ తగుపాళ్లలో కలిసేది నా మూడు సీసాల్లో అందులోనే.

‘పెనచిన’ అన్న క్రియ ఈ కారణంగానే నాకు అంత నచ్చింది. కలిసిన అంటే రుచులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయేవి. పెనచిన అన్నారు కనుక జడలో పాయల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి.

భీమిలి మాస్టారు

బె–పె యతి సరే. నాకు తెలిసిన ఒక కథను పద్యం చేశాను, చూడండి.

తొల్లి యుపవాస దినముల
మెల్లగ రొట్టెకు బదులుగ మెచ్చిరట మునుల్
నల్లని యీ మాల్టు రసమె!
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసంలో ఘనాహారం మాని, బలం కోసం చిక్కని మాల్టు బీరు తాగేవారట. ‘ద్రవరూపంలో రొట్టె’ అన్న మాట అలా వచ్చిందంటారు. వారి బీరు పేరు సాల్వేటర్, రక్షకుడని అర్థం. తర్వాత ఇతరులు కూడా ఆ తరహా బీర్లకు సెలబ్రేటర్, ఆప్టిమేటర్ అంటూ ‘ఏటర్’తో ముగిసే పేర్లు పెట్టుకున్నారు.

మద్దిలపాలెం

గురువు గారూ, అడగవచ్చో లేదో గాని, మీ పద్యంలో చలి ఎక్కడుంది? మూడు పాదాల్లో ఆకలి ఉంది. నాలుగో పాదంలో చలి హఠాత్తుగా వచ్చినట్టుంది.

భీమిలి మాస్టారు

నిక్షేపంగా అడగవచ్చు. ఆ రోజులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, అక్కడ ఇంకా చలిగానే ఉంటుంది. అది నా బుర్రలో ఉంది, పద్యంలోకి రాలేదు. పద్యంలో లేనిది పాఠకుడికి లేనట్టే. నీ విమర్శ ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. తిరగరాస్తాను.

పెదవాల్తేరు

నిన్న రాత్రి రెండో సీసాగా డాపెల్‌బాక్ విప్పాం. డాక్టరు గారి మాట తలలో తిరుగుతూనే ఉంది. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, కుదురైన గ్లాసులోకి వంచి, వంటింటి థర్మామీటరు ముంచాను. 5 డిగ్రీలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు. నోట్లో పోసుకుంటే ఏదో మొద్దుబారిన చేదు, దాని వెనక చల్లదనం, అంతే. తమ్ముడు నా చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, “అన్నయ్యా, ఇరవై నిమిషాలు ముట్టుకోవద్దు” అన్నాడు. గ్లాసు బయట పట్టిన చెమ్మ మెల్లగా బొట్లు కట్టి, జారి, బల్ల మీద గుండ్రని మరక వేసింది. తర్వాత రెండు అరచేతుల మధ్య పొదివి పట్టుకోమన్నాడు. 12 డిగ్రీలు చూపేసరికి మొదట ఎండుద్రాక్ష, ఆపైన ఖర్జూరం, ఆ తర్వాత అడుగంటబోతున్న బెల్లం పాకం వాసన. ఏడు డిగ్రీల తేడాలో ఇంత ఉంది. ఈ బీర్లను 10 నుంచి 13 డిగ్రీల మధ్య తాగమని ఎందుకంటారో అప్పుడు తెలిసింది. చలి పోవలసింది మన ఒంట్లోంచి కాదు, గ్లాసులోంచి. అప్పుడు ఈ పద్యం వచ్చింది.

అల్లన నఱచేతులఁ గొన
మెల్లగఁ దన తావి విప్పె మెఱుఁగుల తోడన్
వెల్లువగాఁ దన లోపలి
చల్లని పానీయ మొకటి చలినిం బాపెన్

తన లోపలి చలిని తానే బాపుకుందని అన్వయం.

మహారాణిపేట డాక్టరు

దీనికి నా అభ్యంతరం లేదు. సంతకం పెడతాను.

భీమిలి మాస్టారు

భావం చాలా బాగుంది. దూరాన్వయం ఉంది. ‘తన లోపలి’కీ ‘చలినిం’కీ నడుమ చల్లని పానీయం అడ్డుగా కూర్చుంది. మొదటిసారి చదివినవాడు ‘లోపలి చల్లని పానీయం’ అని చదువుకుంటాడు. మూడో పాదం మార్చి చూడండి.

పెదవాల్తేరు

నిజమే మాస్టారూ. తెల్లవారుజామున రెండు గంటల దాకా మార్చి చూశాను, కుదరలేదు. ఇంకా ప్రయత్నిస్తాను. సామిక్లాస్ సీసా అలాగే ఉంది. దాన్ని చీకటి అలమరలో పెట్టి వచ్చే డిసెంబరు దాకా ముదరనిమ్మని తమ్ముడు చెప్పి ఓడెక్కాడు.

గాజువాక

ఈసారి బీరుతోనే రాస్తున్నాను. రెండు పాదాలు వచ్చాయి. ఆదివారం దాకా గడువు ఇవ్వండి.