ఎవరూ చూడని జీవ పరిణామాన్ని సైన్స్ ఎలా తేలుస్తుంది? పిల్లాడికి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో ఉండే మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసినప్పటి నుంచి ప్రశ్నలతో నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ ఎముకలు మన తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికినవే అంటే నోరు తెరిచాడు. "కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయి మామయ్యా?" అన్నదానికి ఎలాగో సర్దిచెప్పాను: మనం ఇప్పటి కోతుల నుంచి రాలేదు, మనకూ చింపాంజీలకూ పూర్వీకులు ఒకరే అని.

చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే. "కోట్ల ఏళ్ల కిందటిది ఎవరూ చూడలేదుగా, అంతా ఊహేగా?" అంటాడు. టిక్టాలిక్ అనే శిలాజం గురించి చెప్పాను. చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ మధ్యలో ఉండే జీవి సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉండొచ్చని లెక్కేసి, కెనడా ఉత్తరాన వెతికితే 2004లో నిజంగానే దొరికింది. మెడ తిప్పగల చేప! వాడేమో "లక్కు" అని తీసిపారేశాడు. (లాయర్ అయ్యేలా ఉన్నాడు.)

ఇక జన్యువుల వైపు నుంచి చెబుదామనుకుంటున్నా. చింపాంజీకి 48 క్రోమోజోములు (కణంలో జన్యువులుండే పోగులు), మనకు 46. పూర్వీకుల్లో విడిగా ఉన్న రెండు అతుక్కుని మన రెండో క్రోమోజోము ఏర్పడిందంటారు కదా, ఆ అతుకు ఆనవాళ్లను ఎలా గుర్తుపడతారో వాడి వయసుకు తగ్గట్టు ఎవరైనా చెప్పగలరా? తెలుగులో మంచి వీడియోలున్నా చెప్పండి. ఆదివారం మళ్లీ వస్తున్నాడు, నాకేమో ఇప్పటి నుంచే టెన్షన్.