ఏ యాంటీఫౌలింగ్ వేయాలి? కింద ఉన్న పాత పెయింటు ఏ రకమో తెలియదు

కొత్త_చుక్కాని:

32 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. నీటిగీత దగ్గర పొడవు 8.5 మీటర్లు, వెడల్పు 3.2, నీట మునిగే లోతు 1.7. పోత ఇనుము ఫిన్ కీల్ (అడుగున రెక్కలా కిందికి దిగే బరువైన భాగం), అల్యూమినియం సెయిల్‌డ్రైవ్ (ఇంజన్ నుంచి నీటిలోకి దిగి ప్రొపెల్లర్‌ని తిప్పే లెగ్), మడిచే రకం కంచు ప్రొపెల్లర్. ఏడాది పొడవునా ఉప్పునీటి మెరీనాలోనే ఉంటుంది. నెలకి రెండు మూడుసార్లు బయటికి వెళ్తుంది, వేగం 5–6 నాట్లు. ఇప్పుడు గట్టు మీద స్టాండ్ల మీద ఉంది.

అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే పెయింటు (యాంటీఫౌలింగ్) ఏ రకం ఉందో ఎక్కడా రాసి లేదు. కీల్ ముందు అంచు దగ్గర పెచ్చులూడి నాలుగైదు రంగులు కనిపిస్తున్నాయి. హార్డ్ పెయింటు మంచిదా, సెల్ఫ్ పాలిషింగా (నీటిలో మెల్లగా అరిగే రకం)? పాతదాని మీదే వేసేయొచ్చా? ఎన్ని లీటర్లు కొనాలి? సెయిల్‌డ్రైవ్‌కి కూడా అదే డబ్బాలోది పూస్తే సరిపోతుందా?

లంగరుతాడు:

మీ రెండో ప్రశ్న తేలాకే మొదటిదాని సంగతి. కింద ఏముందో తెలియకుండా పైన ఏం వేయాలో చెప్పడం కుదరదు.

ముందు తడిగుడ్డ పరీక్ష చేయండి. తెల్లటి గుడ్డ నీళ్లలో తడిపి గట్టిగా పది సార్లు రుద్దండి. గుడ్డకి రంగు బాగా అంటితే పైపొర మెత్తరకం, అంటే అరిగే పెయింటు. అంటకపోతే హార్డ్ అనుకోవచ్చు. తర్వాత అతుకు పరీక్ష. పదునైన బ్లేడుతో 2–3 మి.మీ. ఎడంగా అడ్డం నిలువు గాట్లు పెట్టి గళ్లు గీయండి. దాని మీద బలమైన టేపు నొక్కి అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు నిలిస్తే పాతది ఉంచుకోవచ్చు. టేపుతో పాటు ఊడొస్తే ఏ పొర దగ్గర ఊడిందో చూడండి, ఎందుకంటే పైన ఎంత మంచి పెయింటు వేసినా బలం ఆ బలహీనమైన పొరదే. ఒక్క చోట కాకుండా కీల్, నీటిగీత, చుక్కాని, హల్ (పడవ ఒళ్లు) మధ్యభాగం, నాలుగు చోట్లా చేయండి.

ఏది దేని మీద నిలుస్తుంది అంటారా, హార్డ్ మీద మెత్తరకం వేయొచ్చు, 80 నంబరు గరుకు కాగితంతో రుద్దితే చాలు. మెత్తరకం మీద హార్డ్ వేయడమంటే సున్నం రాలే గోడ మీద ఎనామిల్ కొట్టినట్టే. కింది పొర కరిగే కొద్దీ పైది రేకుల్లా లేస్తుంది. పాతది వినైల్ రకమైతే ఇంకో చిక్కు ఉంది. కొత్త పెయింటులోని ఘాటైన సాల్వెంట్ దాన్ని నానబెట్టి ముడతలు పడేలా చేస్తుంది. అనుమానం ఉంటే అర అడుగు మేర కొత్త పెయింటు పూసి ఒక రాత్రి వదిలి చూడండి. ముడత పడితే మధ్యలో సీలర్ ప్రైమర్ వేయాలి, లేదా మొత్తం తీసేయాలి.

పాత పెయింటుని పొడిగా గీకి దుమ్ము లేపకండి. అది మామూలు దుమ్ము కాదు, విషం. తడి గరుకు కాగితమో, వాక్యూమ్ బిగించిన సాండరో వాడాలి. మొహానికి సరైన రెస్పిరేటర్ ఉండాలి, గుడ్డ మాస్కు చాలదు. హీట్‌గన్ అసలు వద్దు, ఆ పొగ ఇంకా ప్రమాదం. నేల మీద టార్పాలిన్ పరచి, గీకినదంతా పోగుచేసి యార్డు వాళ్లు చెప్పిన చోటే వేయండి.

గాలివాటం:

రకం సంగతి నేను చెప్తాను.

హార్డ్ పెయింటులో రెసిన్ కరగదు. అందులో మందుగా కలిపిన రాగి మాత్రం మెల్లగా నీటిలోకి ఊరిపోతుంది. సీజన్ అయ్యాక మిగిలేది పీల్చేసిన తేనెపట్టు లాంటి డొల్లపొర. దాని మీద మళ్లీ కొత్తది, దాని మీద మళ్లీ కొత్తది. మీ కీల్ దగ్గర కనిపించే నాలుగైదు రంగులు అలా పేరుకున్నవే అయ్యుండొచ్చు. ఒక మందం దాటాక ఆ బరువుకీ, ఆరినప్పుడు బిగుసుకునే లాగుడుకీ పగిలి పెచ్చులూడుతుంది.

సెల్ఫ్ పాలిషింగ్‌లో రెసిన్ కూడా నీటితో కలిసి పొరపొరగా అరిగిపోతుంది, అడుగునుంచి తాజా మందు బయటపడుతూ ఉంటుంది. పేరుకునేది తక్కువ. నీటిలోంచి తీసి కొన్నాళ్లు గట్టు మీద ఉంచినా వీటిలో కోపాలిమర్ అనే మంచి రకాలు పని మానవు. హార్డ్ రకాల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. ఎక్కువ రోజులు గాలికి ఉంటే పైన ఉన్న రాగి ఆక్సీకరణ చెంది మొద్దుబారుతుంది. మీ వేగానికీ, మీ వాడకానికీ సెల్ఫ్ పాలిషింగే సరి.

డబ్బా మీద రాగి శాతం ఒక్కటే చూసి కొనకండి. ఆ రాగి మందు, అంటే క్యూప్రస్ ఆక్సైడ్, బార్నకిల్స్‌నీ (పడవకి అంటుకునే చిన్న పెంకు జీవులు), గుల్లల్నీ ఆపుతుంది. పచ్చటి నాచు, జిగురు దానికంత లొంగవు. వాటికి జింక్ పైరిథియోన్ లాంటి రెండో మందు ఉండాలి. నెలలో ఎక్కువ రోజులు కదలకుండా నిలబడే పడవకి ఇది తప్పనిసరి అంటాను, ఎందుకంటే నిలకడ నీటిలో ముందు పట్టేది జిగురే, గుల్లలు తర్వాత దాని మీద చేరతాయి.

సిలికాన్ పూతల గురించి ఎవరో ఒకరు చెప్తారు, అందుకే ముందే అంటున్నా. అవి మందుతో చంపవు, జారుడుతనంతో పట్టు దొరక్కుండా చేస్తాయి. అది పనిచేయాలంటే పడవ తరచూ నడవాలి. పైగా ఒకసారి సిలికాన్ పడితే దాని మీద ఇంకో పెయింటు నిలవదు. మీకు కాదు.

పాత డబ్బా ఎక్కడో దొరికిందని మాత్రం వాడకండి. ఆర్గానోటిన్ (ట్రైబ్యూటైల్ టిన్ లాంటి విషపు తగరం సమ్మేళనాలు) ఉన్న పెయింట్లని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. సైబుట్రిన్ అనే ఇంకో మందు మీద నిషేధం 2023 జనవరి 1 నుంచి. మీ పడవ పాతదైతే అడుగు పొరల్లో ఆ ట్రైబ్యూటైల్ టిన్ ఇంకా ఉండొచ్చు. దుమ్ము గురించి లంగరుతాడు గారు అంత గట్టిగా చెప్పింది ఊరికే కాదు.

ఎదురుగాలి:

చిన్న అభ్యంతరం. హార్డ్ పెయింటుని అంత తీసిపారేయకండి. వేశాక 400, తర్వాత 600 నంబరు తడి కాగితంతో నున్నగా చేస్తే నీటి ఘర్షణ తగ్గుతుంది, బ్రష్షుతో కడిగినా అరగదు. పందేలకి దించే పడవలు అందుకే దాన్ని వాడతాయి. ఆటుపోట్లకి నేల మీద కూర్చునే పడవలకి కూడా హార్డే నయం, ఇసుక ఒరుసుకుంటే మెత్తరకం ఒక్క సీజన్ కూడా ఉండదు.

గాలివాటం:

ఒప్పుకుంటాను. కానీ ఆ నునుపు నిలవాలంటే రెండు మూడు వారాలకోసారి డైవర్ దిగి తుడవాలి. నెలకి రెండుసార్లు షికారుకెళ్లే పడవకి అది దండగ. మెత్తరకాన్ని మాత్రం గట్టి బ్రష్షుతో రుద్దకూడదు, మెత్తటి గుడ్డ చాలు. రుద్దిన ప్రతిసారీ డబ్బు నీళ్లపాలే. నీటిలో ఉండగా కడగడాన్ని ఒప్పుకోని రేవులూ ఉన్నాయి, ముందు కనుక్కోండి.

మైక్రాన్:

లీటర్ల లెక్క. నీటిగీత పొడవుని, వెడల్పు లోతుల మొత్తంతో గుణించండి: 8.5 × (3.2 + 1.7) = 41.65. తేలికైన ఫిన్ కీల్ పడవకి దీన్ని 0.5తో, బరువైన పొడుగు కీల్ పడవకి 0.75తో గుణిస్తారు. అంటే 21 నుంచి 31 చదరపు మీటర్లు. మీది మధ్యరకం అనుకుంటే 26. రెండు పూతలకి (కోట్లకి) 52. లీటరుకి 9 చదరపు మీటర్ల చొప్పున సుమారు 5.8 లీటర్లు.

మూడో కోటు అంతటా అక్కర్లేదు. నీటిగీత పొడవునా అడుగు వెడల్పు పట్టీ, కీల్ ముందంచు, చుక్కాని, వీటికి మాత్రం వేయాలి. ఎండ తగిలి నాచు పట్టేదీ, నీటి ఒరిపిడికి ముందు అరిగేదీ అక్కడే. దానికో లీటరు పైచిలుకు. 2.5 లీటర్ల డబ్బాలు మూడు తీసుకోండి.

జనం ఎక్కువగా తప్పేది మందం దగ్గర. పెయింటు బాగా లాగి పలచగా పూసి, రెండు కోట్లు వేశామంటారు. లీటరుతో 10 చదరపు మీటర్లు పూస్తే తడిగా 100 మైక్రాన్ల మందం వస్తుంది. ఘనపదార్థం సగం ఉన్న పెయింటైతే ఆరాక మిగిలేది 50. అదే లీటరుని 15 మీటర్లకి సాగదీస్తే 33 మైక్రాన్లే. సెల్ఫ్ పాలిషింగ్‌లో మందం అంటే ఆయుష్షే, ఎంత వేస్తే అన్నాళ్లు. అందుకే ఇక్కడ కోట్లు కాదు, లీటర్లు లెక్కపెట్టాలి. కొన్న లీటర్లు అయిపోకుండా పని అయిపోయిందంటే ఎక్కడో తప్పు చేసినట్టు. పళ్లదువ్వెన లాంటి తడి మందం గేజి చవకగా దొరుకుతుంది, జేబులో పెట్టుకోండి.

రోలరు పొట్టి నూలుది, సాల్వెంట్‌కి తట్టుకునేది ఉండాలి. చవక స్పాంజి రోలరు కరిగి ముక్కలు పెయింటులో అంటుకుంటాయి, కరక్కపోయినా మరీ పలచగా పూస్తుంది. డబ్బా తెరిచాక డ్రిల్లుకి కలిపే చక్రం బిగించి ఐదు నిమిషాలు కలపండి. రాగి బరువు, అడుగున గట్టిగా పేరుకుని ఉంటుంది. సరిగ్గా కలపని డబ్బాలో పైసగం వట్టి రంగే. ట్రేలో పోశాక కూడా మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. థిన్నర్ కంపెనీ చెప్పినదే, చెప్పినంతే.

మొదటి కోటు వేరే రంగులో వేయండి. వచ్చే ఏడు ఆ రంగు బయటపడ్డ చోట పైపూత అరిగిపోయిందని చూడగానే తెలుస్తుంది.

హల్ ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, తేమ 85 శాతం దాటకూడదు. మండుటెండలో వేస్తే పైపొర ముందే బిగిసి సాల్వెంట్ లోపల చిక్కుకుపోతుంది. నీడ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి ఎండతో పాటు తిరగండి.

కొత్త_చుక్కాని:

పరీక్షలు చేశాను. తడిగుడ్డకి నీలం బాగా అంటింది. గళ్ల పరీక్షలో నాలుగింట మూడు చోట్ల కింద ఉన్న నున్నటి ఎర్రపొర దగ్గర ఊడొచ్చింది. ఊడిన పెచ్చు మందం కాలిపర్‌తో 1.2 మి.మీ. పెచ్చులూడిన చోట లప్పం పెట్టి మిగతాది రుద్ది వేస్తే ఒక సీజన్ అయినా రాదా?

లంగరుతాడు:

రాదు. నాలుగింట మూడు అంటే ఊడాల్సింది ఇంకా ఊడలేదంతే. లప్పం పెట్టిన చోటు నిలుస్తుంది, దాని పక్కది లేస్తుంది. మొత్తం తీయండి.

చేత్తో అయితే కార్బైడ్ బ్లేడు ఉన్న లాగే రకం స్క్రేపర్ తీసుకుని, బ్లేడు మూలలు ముందే గుండ్రంగా అరగదీయండి, లేకపోతే జెల్‌కోట్‌లో (ఫైబర్‌గ్లాస్ పైనున్న నున్నటి పొర) గాట్లు పడతాయి. ఫైబర్‌గ్లాస్‌కి పనికొచ్చే కెమికల్ స్ట్రిప్పర్ అయితే మందంగా పూసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, డబ్బా మీద చెప్పినంతసేపు వదిలేయండి. అందరూ చేసే తప్పు తొందరపడి పది నిమిషాలకే గీకడం. ఇసుక బ్లాస్టింగ్ అనుభవం లేని చేతుల్లో జెల్‌కోట్‌ని తినేస్తుంది, సోడా పొడితో బ్లాస్టింగ్ అయితే కొంత నయం.

జెల్‌కోట్ బయటపడ్డాక ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు, ఎపాక్సీ బ్యారియర్ (నీరు లోపలికి ఊరకుండా ఆపే పూత) వేసేయండి. ముందు హల్ ఆరిందో లేదో చూడాలి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో బిగించి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదు. తడి లోపలుంచి ఎపాక్సీతో మూసేస్తే బొబ్బల్ని మీరే పెంచినట్టు. ఆరితే 80 నంబరుతో రుద్ది, సాల్వెంట్‌తో తుడిచి, ఆరాక మొత్తం 250 మైక్రాన్లు వచ్చేలా ఐదారు కోట్లు వేయండి.

ఇనుప కీల్ విడిగా చూసుకోవాలి. తుప్పు మొత్తం తీసి మెరిసే లోహం కనపడగానే, ఆ పూటే మొదటి ఎపాక్సీ కోటు పడాలి. మర్నాటికి వదిలితే మళ్లీ ఎర్రబారుతుంది. ఒట్టి ఇనుముకి రాగి పెయింటు తగిలితే తుప్పు ఇంకా జోరందుకుంటుంది.

మైక్రాన్:

ఎపాక్సీకీ యాంటీఫౌలింగ్‌కీ మధ్య సమయం మీద కన్నుంచండి. ఆఖరి ఎపాక్సీ కోటు మీద బొటనవేలు పెడితే ముద్ర పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. ఆ దశలోనే యాంటీఫౌలింగ్ మొదటి కోటు వేయాలి, రెండూ కలిసి పట్టుకుంటాయి. ఆ దశ దాటి గట్టిపడితే నీళ్లతో కడిగి పైన పట్టిన మైనం లాంటి పొర పోగొట్టి, మళ్లీ 80 నంబరుతో రుద్దాలి. నేరుగా వేస్తే ఏడాదిలో రేకులు రేకులుగా వస్తుంది. ఎంతసేపట్లో ఆ దశ వస్తుందో ఆ రోజు వేడిని బట్టి మారుతుంది కాబట్టి ఆఖరి ఎపాక్సీ, మొదటి యాంటీఫౌలింగ్ ఒకే రోజు పెట్టుకోండి, ఇద్దరు మనుషులతో.

గాలివాటం:

సెయిల్‌డ్రైవ్ అడిగారు, ఎవరూ చెప్పలేదు. అల్యూమినియం మీద క్యూప్రస్ ఆక్సైడ్ పెయింటు వేస్తే బ్యాటరీ తయారైనట్టే. ఉప్పునీటిలో రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, ముందు చిన్న గుంటలు పడతాయి, తర్వాత బొక్కలు. లెగ్‌కి రాగి లేనిదో, క్యూప్రస్ థయోసయనేట్ ఉండి అల్యూమినియంకి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదో కొనండి. లోహం బయటపడ్డ చోట గరుకు చేసిన వెంటనే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, ఆలస్యమైతే ఆక్సైడ్ పొర పట్టి ప్రైమర్ నిలవదు. హల్ మీది రాగి పెయింటు కూడా లెగ్ చుట్టూ రెండు అంగుళాలు ముందే ఆపేసి, ఆ ఖాళీని లెగ్ పెయింటుతో నింపండి.

జింక్ ఆనోడ్‌కి (మిగతా లోహభాగాల బదులు తాను అరిగిపోయే జింక్ ముక్క) చుక్క పెయింటు కూడా తగలకూడదు, ముందే టేపు చుట్టేయండి. లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌కి నీటి ఆధారిత పెయింటు ఒక్క పలచటి కోటు చాలు. సాల్వెంట్ రకం దాని ప్లాస్టిక్ మొహాన్ని పాడు చేస్తుంది. ప్రొపెల్లర్ మీద రాగి పెయింటు నిలవదు, తిరిగే రెక్కల చివర్లు ముందే ఊడ్చేస్తాయి. ప్రొపెల్లర్లకని అమ్మే పూత వేయండి, రెక్కలు మడిచే పళ్లచక్రాల్లోకి మాత్రం పోనివ్వకండి.

కొత్త_చుక్కాని:

ఆఖరిది. స్టాండ్ల ప్యాడ్లు ఆనిన చోట, కీల్ అడుగున ఎలా?

లంగరుతాడు:

స్టాండ్లు మీరు కదపకండి, యార్డు మనిషిని పిలవండి. ముందు పక్కన ఇంకో స్టాండు బిగించి, తర్వాతే పాతది తీస్తారు, ఒకసారికి ఒక్కటే. వాటిని కలిపిన గొలుసు విప్పకూడదు. అలా తీసిన చోట మిగతా హల్‌కి వేసినన్ని కోట్లూ వేయండి. కీల్ అడుగు మాత్రం దించే రోజు స్లింగ్‌లో (పడవని ఎత్తే క్రేన్ పట్టీలు) వేలాడుతుండగానే కుదురుతుంది. ముందు రోజు సాయంత్రమే ఎత్తి రాత్రంతా స్లింగ్‌లో ఉంచుతారేమో అడగండి. ఒప్పుకుంటే అడుగు గీకి, ప్రైమర్, రెండు కోట్లు పడతాయి. లేకపోతే ఒక్క కోటుతో సరిపెట్టుకోవాలి. మాస్కింగ్ టేపు మాత్రం ఆఖరి కోటు పూర్తిగా గట్టిపడకముందే లాగేయండి, ఆరాక లాగితే అంచు చీలుతుంది.