అమ్మకి పారాథైరాయిడ్ అడినోమా అన్నారు, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న:
నమస్కారం అండి. మా అమ్మకి 58 ఏళ్లు. మూడేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లొచ్చాయి. ఒంటినొప్పులు, మలబద్ధకం, నీరసం. వయసు వల్లేమో అనుకున్నాం. ఈసారి రక్తపరీక్షలో కాల్షియం 11.6, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 148 వచ్చాయి. మెడ స్కాన్‌లో ఎడమవైపు థైరాయిడ్ వెనక 14 మిల్లీమీటర్ల అడినోమా ఉందన్నారు. రిపోర్టులో ట్యూమర్ అన్న మాట చూసినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు, నాకు ఒకటే టెన్షన్. ఇది క్యాన్సరా? మందులతో తగ్గదా? కాల్షియం ఎక్కువుందని పాలు మాన్పించాను, మంచిదేనా?

జవాబు 1:
కంగారు పడకమ్మా. అడినోమా అంటే క్యాన్సర్ కాని గడ్డ. ఈ జబ్బులో క్యాన్సర్ తేలేది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికే. ముందు ఈ మాట మీ అమ్మగారికి చెప్పు. నాకు 52వ ఏట ఇదే ఆపరేషన్ అయింది, ఆరేళ్లు దాటింది.

పేరు చూసి థైరాయిడ్ జబ్బు అనుకుంటారు. పారాథైరాయిడ్‌లు దాని వెనక ఆనుకుని ఉండే వేరే గ్రంథులు. మామూలుగా నాలుగు, ఒక్కోటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం తగ్గితే పీటీహెచ్ వదిలి ఎముకల నుంచి లాగుతాయి, సరిపోగానే ఆపేస్తాయి. గడ్డ కట్టిన గ్రంథి ఆపదు. కాల్షియం పెరిగితే పీటీహెచ్ తగ్గాలి కదా, అమ్మగారికి రెండూ ఎక్కువున్నాయి. అసలు సంగతి అదే. పాలు మళ్లీ ఇవ్వు. తిండిలో కాల్షియం మానేస్తే పీటీహెచ్ ఇంకా పెరగొచ్చు. నీళ్లు బాగా తాగించు. కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దు.

నాకు నాలుగేళ్లు నొప్పుల మాత్రలే ఇచ్చారు. తర్వాత పాత ఫైలు తీసి చూసుకుంటే వరసగా మూడేళ్లు కాల్షియం 10.8, 10.9, 11.1. పక్కన ఎక్కువ అన్న గుర్తు కూడా ఉంది. ఒక్కరూ అడగలేదు. ఆ కాగితాలు చూస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆలోపు నా ముంజేతి ఎముక బాగా పలచబడింది. అమ్మగారికి ఎముకల సాంద్రత పరీక్ష చేస్తే నడుము, తుంటితో పాటు ముంజేయి కూడా తీయమను.

రాళ్లొచ్చాయి కాబట్టి ఆపరేషనే చెబుతారు. సినాకాల్సెట్ అనే మందు ఉంది, కాల్షియం తగ్గిస్తుంది కానీ ఎముకలకు బలం తేదు. ఆపరేషన్ చేయలేని వాళ్లకే ఎక్కువగా వాడతారు. నాకు మెడ మీద చిన్న కోత పెట్టి గడ్డ తీసి, అక్కడే రక్తం తీసి పరీక్షించారు. పీటీహెచ్ రక్తంలో నిమిషాల్లోనే కరిగిపోతుంది. పది నిమిషాల్లో సగానికి పైగా పడిపోతే సరైన గ్రంథే తీశారన్నమాట. మర్నాడు పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి. కాల్షియం మాత్రలతో పోయింది. గొంతు నరం పక్కనే ఉంటుంది, నాకు రెండు వారాలు బొంగురు వచ్చింది. అందుకే సర్జన్‌ని మొహమాటం లేకుండా అడుగు, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని.

జవాబు 2:
మీకు స్కాన్‌లో దొరికింది, అదృష్టం. నాకు ఏమీ కనపడకపోతే జబ్బే లేదన్నారు, ఏడాది పోయింది. జబ్బు తేల్చేది రక్తపరీక్ష, స్కాన్ గడ్డ ఎక్కడుందో చూపడానికే. చివరికి ఛాతీలో దొరికింది. చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌కి కూడా 1932లో ఏడో ఆపరేషన్‌లోగానీ ఛాతీలో గడ్డ దొరకలేదట.

జవాబు 3:
24 గంటల మూత్రంలో కాల్షియం చూశారా? వంశపారంపర్యంగా ఇలాగే కాల్షియం పెరిగే రకం ఒకటుంది. అందులో మూత్రంలో కాల్షియం తక్కువ పోతుంది, దానికి ఆపరేషన్ పనికిరాదు. రాళ్లున్నాయి కాబట్టి మీ అమ్మగారిది అది కాకపోవచ్చు, అయినా తేల్చుకోండి. విటమిన్ డి కూడా చూడమనండి. మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం గానీ, థయజైడ్ రకం బీపీ మాత్రలు గానీ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
మూత్రపరీక్ష చేయలేదండి, రేపే అడుగుతాను. పాలు మళ్లీ ఇస్తున్నాను. అమ్మ ఒకటే అడుగుతోంది, ఈ నీరసం పోతుందా అని.

జవాబు 1:
నాకు పోయిందమ్మా, కానీ మూడు నెలలు పట్టింది. అందరికీ పూర్తిగా పోతుందని మాటివ్వలేను. రాళ్లు మాత్రం మళ్లీ రాలేదు. ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకి కాల్షియం చూస్తారు, అప్పటికీ మామూలుగా ఉంటేనే నయమైనట్టు లెక్క. ఆ పరీక్ష తేదీ ఇప్పుడే రాసిపెట్టుకో.