లీటరుకి 15 ఇచ్చే బండి 11కి పడిపోయింది, అమ్మేయాలా? (బెంగళూరు)

అందరికీ నమస్తే. నాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజన్, మాన్యువల్, ఇప్పటికి 78 వేలు తిరిగింది. కంపెనీ పేరు రాయను, రాస్తే జవాబులన్నీ దాని మీదే కొట్టుకుంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి బ్యాటరీ, ఒక్కసారి క్లచ్ ప్లేట్లు, నాలుగు టైర్లు, అంతే, రోడ్డు మీద ఆగిపోయింది లేదు. మొన్నటిదాకా సిటీలో లీటరుకి 15 కిలోమీటర్లు వచ్చేది, ఎనిమిది నెలల నుంచి 11, ఒక్కోసారి 10.5. సర్వీస్ సెంటర్‌లో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు, ఏడు వేలు బిల్లు, మైలేజ్ మాత్రం అలాగే ఉంది. నాన్నేమో అనంతపురం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా బంకులో నీళ్ళు కలుపుతున్నార్రా అంటారు, ఆఫీసులో వాళ్ళు ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్లే అంటారు. ఇది అమ్మేసి హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండేది) తీసుకుంటే బెటరా? నెలకి 500 కిలోమీటర్లు తిరుగుతా.

మారతహళ్ళి మామ: 11 అనేది ఎలా లెక్కేశావు బ్రో? మీటర్లో చూపించేది నమ్మకు, నా బండిలో అది ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర ఎక్కువే చెప్తుంది. ఒకే బంకులో, ఒకే పాయింట్ దగ్గర, మొదటిసారి టక్‌మని ఆగినప్పుడు ఆపేయించి, మళ్ళీ ఫుల్ కొట్టించినప్పుడు లెక్క చూడు. రౌండ్ ఫిగర్ కోసం ఇంకా కొట్టించావంటే ఆ లెక్క చెత్తబుట్టలోకే.

ప్రశ్న అడిగినవాడిని: ఫుల్ టు ఫుల్లే అన్నా, నాలుగుసార్లు చూశా.

నోట్‌బుక్ నాయుడు: ఈ20 గురించి ముందు చెప్తా. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి సుమారు మూడో వంతు తక్కువ. అందులో 20 శాతం కలిస్తే ఉత్త పెట్రోల్‌తో పోలిస్తే ఆరేడు శాతం తగ్గాలి, అయితే మనం ఈ20 రాకముందు కొట్టించిందీ ఉత్త పెట్రోల్ కాదు, అందులోనూ 10 శాతం దాకా ఉండేది, కాబట్టి అసలు తేడా మూడు నాలుగు శాతం. అంటే 15 వచ్చే బండి 14.5కి రావాలి. నీది పాత బండి, 2023కి ముందుది, దాని ట్యూనింగ్ ఈ20 కోసం చేసింది కాదు కాబట్టి ఇంకొంచెం పోయిందనుకో, 14. మరి మిగతా మూడు ఎక్కడికి పోయాయి? ఎనిమిది నెలల కింద ఏం మారింది? ఇల్లు మారావా, ఆఫీసు మారిందా?

ప్రశ్న అడిగినవాడిని: ఆఫీసు మారిందన్నా. బీటీఎం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఎలివేటెడ్ ఫ్లైఓవర్ మీద వెళ్ళేవాడిని, అరగంట. ఇప్పుడు బెళ్ళందూరు. దూరం తగ్గింది కదా అని అది రాయలేదు 🙂

నోట్‌బుక్ నాయుడు: ఏం మనిషివయ్యా, అసలు సంగతి దాచేసి ప్లగ్గులు మార్పించావు! దూరం తగ్గింది సరే, టైమ్ ఎంత? సిల్క్ బోర్డు దాటి ఔటర్ రింగ్ రోడ్డులో గంట అనుకో, అందులో అరగంట బండి కదలదు, ఏసీ వేసుకుని నిలబడితే ఆ అరగంటకే పావు లీటరు పైన పోతుంది, ఆ పావు లీటరుకి నీకు వచ్చేది సున్నా కిలోమీటర్లు. తొమ్మిది కిలోమీటర్ల ట్రిప్పులో అది చాలా పెద్ద ముక్క. నేను 2016 నుంచి ప్రతి ఫిల్లింగూ నోట్‌బుక్‌లో రాస్తున్నా (మా ఆవిడ దాన్ని భగవద్గీత అంటుంది), లాక్‌డౌన్ తర్వాత రోడ్లు ఖాళీగా ఉన్న నెలల్లో నా బండి 17 ఇచ్చింది, అదే బండి ఇప్పుడు 12. ఇంజన్ అదే, నేనూ అదే.

బండి సంగతి తెలియాలంటే ఒకసారి ఊరికి వెళ్ళి చూడు. అదీ రానూపోనూ కలిపి లెక్కేయి, ఎందుకంటే బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అనంతపురం 350 లోపే, పోయేటప్పుడు దిగుడే కాబట్టి మైలేజ్ బాగుంటుంది, అది చూసి మురిసిపోతే వచ్చేటప్పుడు ఏడుపొస్తుంది. బాగేపల్లిలోనే ఫుల్ కొట్టించు, కొడికొండ చెక్‌పోస్ట్ దాటి ఆంధ్రాలోకి వెళ్తే లీటరుకి ఆరేడు రూపాయలు ఎక్కువ, అది నీకూ తెలిసే ఉంటుంది.

హైబ్రిడ్ లెక్క: నెలకి 500 అంటే 11 చొప్పున 45 లీటర్లు, 20 ఇచ్చే బండికి 25. మిగిలేది 20 లీటర్లు, రెండు వేల రూపాయలు. దానికోసం పది పదిహేను లక్షలు పెడతావా? ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిపోయి బ్యాటరీతో నడుస్తుంది, బాగుంటుంది, కాదనను. కొనాలనిపిస్తే కొనుక్కో, పెట్రోల్ మీద నెపం మాత్రం పెట్టకు.

హిందూపురం అన్న: ఇంకొకటి చూడు తమ్ముడూ. బండి దిగినంకనే నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టు, రిమ్ముకి తగిలించొద్దు, కాల్తుంది. ఒకటి మాత్రమే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసినట్టే. నాది అట్లే ఆర్నెల్లు తోలినా, సర్వీసోళ్ళకి చెప్తే అంతా ఓకే సార్ అన్నారు, మా ఊర్లో మెకానిక్ జాకీ ఎత్తి చక్రం తిప్పి చూపిచ్చినాడు, తిరగల్యా. టైర్లలో గాలి గూడ చూపిచ్చుకో.

కొత్తగా వచ్చా: డీజిల్ తీసుకోవచ్చు కదా?

మారతహళ్ళి మామ: 2020 తర్వాత డీజిల్ బండ్లకి డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రం కావాలంటే హైవే మీద కాసేపు స్పీడుగా పోవాలి. బెళ్ళందూరులో ఆ స్పీడు ఎక్కడ దొరుకుతుంది బాబూ.

ప్రశ్న అడిగినవాడిని: పది రోజుల తర్వాత అప్‌డేట్. హిందూపురం అన్నకి దండం, ముందు ఎడమ చక్రం నిజంగానే వేడి, మిగతా మూడూ మామూలుగానే ఉన్నాయి. బ్రేక్ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయంట, ఇంటి దగ్గర మెకానిక్ రెండు వైపులా విప్పి గ్రీజు పెట్టి, ఆ ఒక్క వైపు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయని సెట్ మార్చి, 2,300 తీసుకున్నాడు. తర్వాత ఫుల్ ట్యాంక్‌కి అదే రూట్‌లో 12.4. శనివారం ఊరికి వెళ్ళొచ్చా, రానూపోనూ కలిపి 18.6, అంటే ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. అమ్మడం ఆపేశా, ఇప్పుడు పొద్దున ఏడుంబావుకే బయలుదేరుతున్నా.

నాన్నకి ఇదంతా వివరంగా చెప్పా. శ్రద్ధగా విన్నారు, విని, "సరేగానీ, ఆ బంకు మార్చు" అన్నారు.