శ్రీకాంత్ తివారీ వేగా, గూఢచారా?

గూఢచారి శ్రీకాంత్ తివారీ హీరోగా వచ్చిన వెబ్ సిరీస్ ఫ్యామిలీ మ్యాన్, దాని రెండో సీజన్ (2021) ఈ వారం మళ్ళీ చూశాం. 9 ఎపిసోడ్లు, రెండు రాత్రులు. పక్కన మా మావయ్య. విశాఖ నేవల్ డాక్‌యార్డులో రిటైరయ్యారు, ఏ సెక్షనో ఇప్పటికీ చెప్పరు. మధ్యలో "గూఢచారి అని నోరు తిరగని మాటెందుకురా, వేగు అంటే పోలా?" అన్నారు. ఈ మాట ఇప్పుడెవరైనా వాడుతున్నారా?

జవాబు: బ్రౌన్ నిఘంటువులో (1852) వేగరి, వేగులవాడు రెండూ ఉన్నాయండి. పేపర్లలో ఇన్‌ఫార్మర్, కోవర్టు వచ్చి కూర్చున్నాక ఇవి జానపద సినిమాలకే మిగిలాయి. వేగుచుక్కలో ఉన్న వేగు మాత్రం వేరు, అది తెల్లవారడం.

జవాబు: ఇంకో వేగు మర్చిపోయారు మాస్టారూ! "ఈ పిల్లాడితో వేగలేను" అంటామే, అది. శ్రీకాంత్ పని అదేగా, ఇంట్లో వేగడం, బయట వేగు. మొదటి సీజన్‌లో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. రెండో దాంట్లో కూతుర్ని ఎత్తుకుపోయేసరికి ఒకటైపోయాయి. నాకు రెండోదే ఎక్కువ నచ్చడానికి కారణం అదే. చివర్లో విమానం గొడవ మాత్రం హడావిడిగా చుట్టేశారు.

జవాబు: కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చారుల్లో రకాలున్నాయి. అందులో "గృహపతిక" అని ఒకడు. బతుకుతెరువు పోయిన రైతు, తెలివీ నిజాయితీ ఉన్నవాడు. వాడికి భూమిచ్చి సాగు చేయిస్తూనే వేగు పని చేయిస్తారు. పైకి సంసారి. ఫ్యామిలీ మ్యాన్‌కి ఇంతకన్నా దగ్గర మాట దొరుకుతుందా? ప్రాణానికి తెగించి మీద పడేవాడు "తీక్ష్ణుడు". రెండో సీజన్‌లో సమంత వేసిన రాజీ పాత్ర అచ్చంగా ఆ రకం. సమంత చేత ఎక్కువ మాట్లాడించకపోవడమే ఆ పాత్రకి బలం.

గృహపతిక అద్భుతం అండీ, కానీ రెండో సీజన్‌లో ఐటీ కంపెనీలో చేరి కుర్ర బాసు చేత తిట్లు తినే శ్రీకాంత్‌ని అలా పిలవాలంటే నవ్వొస్తోంది. విశాఖలో ఐటీ కంపెనీలున్న మధురవాడ వైపు అలాంటి గృహపతికులు బస్సుకి నలుగురుంటారు. నా ఓటు వేగుకే. శ్రీకాంత్‌కి ఫోన్లో సాయం చేసే రిటైర్డ్ గూఢచారి చెల్లం సార్‌ని ఏమనాలో తేలక మావయ్యనే అడిగాను. టీ గ్లాసు కింద పెట్టి "ముదురు వేగు" అన్నారు.